కెమెరాతో ఊళ్లు తిరిగేవాళ్లు ల్యాప్‌టాప్ ఎలా ఎంచుకోవాలి

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో మాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి ముహూర్తాలు లేని రోజుల్లో కెమెరా సంచి భుజాన వేసుకుని బయలుదేరుతాను. చలికాలంలో మంగళాజోడి పక్షులు, ఆ తర్వాత రుషికుల్య తీరంలో తాబేళ్లు, వానలు తగ్గుముఖం పట్టాక కోరాపుట్ కొండలు, మధ్యలో వీలు చిక్కితే గుణుపురం అవతల సవర పల్లెలు. స్టూడియోకి వచ్చే కుర్రాళ్లలో చాలామంది ఇప్పుడు ఇలాగే తిరుగుతున్నారు. "అక్కా, ఏ కంపెనీ ల్యాప్‌టాప్ కొనమంటావ్?" అని అడుగుతారు. కంపెనీ సంగతి చివర్న చూద్దాం అంటాను. ముందు, సాయంత్రం లాడ్జికి చేరాక ఏం చేస్తావో చెప్పు అంటాను.

ఎందుకంటే ప్రయాణంలో ల్యాప్‌టాప్‌కి అసలు పరీక్ష ఆ గంటే. పొద్దున్నించీ తిరిగి ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, కరెంటు ఉంటుందో పోతుందో తెలియదు, తెల్లారుజామున మళ్లీ లేవాలి. ఆ గంటలో ఆ రోజు తీసిన ఫొటోలన్నీ కార్డులోంచి బయటికి వచ్చి రెండు వేర్వేరు చోట్ల చేరాలి. మంచివి ఏరుకోవాలి. ఓపికుంటే ఒకటి రెండు ఎడిట్ చేసుకోవాలి. ఈ వరుసలోనే ల్యాప్‌టాప్‌ని బేరీజు వేయమంటాను. ఎడిటింగ్ ఇంటికొచ్చాక కూడా చేసుకోవచ్చు. పోయిన ఫొటో కోసం మళ్లీ ఆ పొద్దుటి వెలుగు రాదు.

ముందు మీ కెమెరా లెక్క తీయండి

షాపుకి వెళ్లే ముందు మీ పాత కార్డుల్లో ఒక మంచి రోజు ఫొటోలు ఎన్ని జీబీ ఉన్నాయో చూసుకోండి. 24 మెగాపిక్సెల్ కెమెరాలో కంప్రెస్ చేసిన రా ఫైలు (కెమెరా తన మార్పులు చేయకుండా దాచే ముడి ఫొటో) ఒక్కొక్కటి సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది. కంప్రెస్ చేయకుండా తీస్తే 50 ఎంబీకి దగ్గర పడుతుంది. 45 మెగాపిక్సెల్ కెమెరా అయితే కంప్రెస్ చేసినా దాదాపు అంతే. పక్కనే జేపెగ్ (మామూలు ఫొటో ఫైలు) కూడా పెట్టుకుంటే ఫొటోకి మరో పది ఎంబీ కలుపుకోండి.

మంగళాజోడిలో మోటారు లేని పడవ మీద, గడ వేసుకుంటూ నెమ్మదిగా తీసుకెళ్తారు. పక్షులు దగ్గరికి రానిస్తాయి. గాడ్విట్ పక్షుల గుంపు ఒకటి లేచిందంటే సెకనుకి పది ఫ్రేములు నొక్కేస్తాం. పొద్దుటి పూట ముగిసేసరికి రెండు వేల ఫ్రేములు అవడం పెద్ద విషయం కాదు. 30 ఎంబీ లెక్కన అది 60 జీబీ. ఐదు రోజుల ప్రయాణంలో 300 జీబీ. ఇక వీడియో కూడా తీస్తే, ఫోన్‌లో తీసే 4కె వీడియోనే సెట్టింగ్‌ని బట్టి నిమిషానికి రెండు మూడు వందల ఎంబీ తీసుకుంటుంది.

ఇప్పుడు ల్యాప్‌టాప్ వైపు లెక్క. పెట్టె మీద 512 జీబీ అని రాసి ఉన్నది విండోస్‌లో 476 జీబీగా కనిపిస్తుంది. మోసమేమీ లేదు, లెక్కపెట్టే పద్ధతిలో తేడా అంతే. అందులో విండోస్, సాఫ్ట్‌వేర్లు, మీ పాత ఫైళ్లు కలిసి సులువుగా వంద జీబీ దాటుతాయి. డ్రైవ్ నిండా కుక్కితే ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే చిప్పుల డ్రైవ్) వేగం తగ్గుతుంది, కాబట్టి ఐదో వంతు ఖాళీగా వదలాలి. చివరికి మీ చేతికి వచ్చేది 280 జీబీ కంటే తక్కువే. పైన చెప్పిన ఒక్క ప్రయాణానికే చాలదు.

అందుకే రా ఫైళ్లు తీసేవాళ్లకి నేను 1 టీబీ కంటే తక్కువ చెప్పను. జేపెగ్ మాత్రమే తీసేవాళ్లకి, వారాంతంలో మహేంద్రగిరి వరకు వెళ్లొచ్చేవాళ్లకి 512 సరిపోతుంది. వాళ్లు ఆ మిగిలిన డబ్బు స్క్రీన్ మీద పెట్టుకోవడం మంచిది.

1 టీబీ మోడల్‌కి కంపెనీ మరీ ఎక్కువ అడుగుతుంటే ఇంకో దారి ఉంది. చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్ఎస్‌డీ ఎం.2 అనే సన్నటి పట్టీలా ఉంటుంది, మార్చుకోవచ్చు. కొన్నింటిలో రెండో ఎం.2 స్లాట్ ఖాళీగా ఉంటుంది. అలాంటిది దొరికితే 512 జీబీ మోడల్ కొని, రెండో స్లాట్‌లో 1 టీబీ ఎస్ఎస్‌డీ విడిగా వేయించుకోండి. ఒకదాంట్లో విండోస్, ఒకదాంట్లో ఫొటోలు. విండోస్ మొరాయించి మళ్లీ వేయాల్సి వచ్చినా ఫొటోల డ్రైవ్‌ని ముట్టుకునే పని ఉండదు. ఈ అమరిక నాకు చాలా ఇష్టం. "రెండో స్లాట్ ఉందా, ఏ సైజు పట్టీ పడుతుంది, నేను వేయించుకుంటే వారంటీ ఉంటుందా?" అని ఈ మూడూ కొనే ముందే అడగండి. షాపతను "ఉంటదిలెండి" అంటే ఆ మాట మీద ఆగిపోకండి. పూర్తి మోడల్ నంబరు రాసుకుని కంపెనీ స్పెసిఫికేషన్ పేజీలో చూడండి.

తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌ని ప్రయాణానికి వాడొద్దు. జయపురం ఘాట్ రోడ్డు మీద బస్సులో ఒళ్లో పెట్టుకుని కాపీ చేస్తుంటే ఆ కుదుపులకి లోపలి పళ్లెం మీద గీత పడే ప్రమాదం ఉంది. ఎస్ఎస్‌డీలో కదిలే భాగం ఏదీ లేదు. ఇంటి దగ్గర బీరువాలో పెట్టి ఏళ్ల తరబడి దాచుకోవడానికి మాత్రం హార్డ్ డిస్కే మేలు. తక్కువ ధరలో ఎక్కువ జాగా వస్తుంది. పైగా ఎస్ఎస్‌డీని కరెంటు తగలకుండా ఏళ్లకి ఏళ్లు వదిలేస్తే అందులోని డేటా మీద భరోసా ఉండదు.

కార్డు ఎక్కడ పెడతారు?

ల్యాప్‌టాప్ పక్కలు తిప్పి చూడండి. సన్నగా ఉండాలనే తాపత్రయంలో చాలా కంపెనీలు ఎస్‌డీ కార్డు స్లాట్ తీసేశాయి. కొన్ని మైక్రో ఎస్‌డీది మాత్రమే ఇస్తాయి, అది కెమెరా వాళ్లకి ఉపయోగపడదు. స్లాట్ లేనంత మాత్రాన ల్యాప్‌టాప్ పనికిరాదని కాదు. కానీ అప్పుడు మంచి కార్డు రీడర్ కొనాలి, దాన్ని మర్చిపోకుండా పెట్టుకోవాలి.

స్లాట్ ఉన్నా వేగం చూడండి. ఇది చాలామంది పట్టించుకోని విషయం. మామూలుగా దొరికే యూహెచ్‌ఎస్-1 రకం కార్డుల గరిష్ఠ వేగం సెకనుకి 104 ఎంబీ. నిజంగా వచ్చేది 80, 90. అంటే 64 జీబీ కార్డు పన్నెండు పదమూడు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. అదే కార్డుని యూఎస్‌బీ 2.0 రీడర్‌లో పెడితే సెకనుకి 35 ఎంబీ కూడా కష్టమే, అరగంట పైన పడుతుంది. రెండు కార్డులుంటే గంట. రాత్రి తొమ్మిదింటికి కళ్లు మూతలు పడుతుండగా ఆ గంట ఎంత పొడుగో తిరిగినవాళ్లకే తెలుసు. కార్డు వెనక రెండో వరుస రేకులు ఉంటే అది యూహెచ్‌ఎస్-2 కార్డు, దాని హద్దు సెకనుకి 312 ఎంబీ. అంత డబ్బు పెట్టి ఆ కార్డు కొన్నవాళ్లు దానికి తగ్గ రీడర్ కూడా కొనాలి. లేకపోతే అది మామూలు కార్డులాగే నడుస్తుంది.

పోర్టులు కనీసం మూడు కావాలి. ఒకదానికి కార్డు రీడర్, ఒకదానికి బయటి ఎస్ఎస్‌డీ, ఒకదానికి ఛార్జర్. ఈ మూడూ ఒకేసారి పెట్టగలగాలి. రెండే టైప్-సి పోర్టులున్న మోడల్ అయితే ఒక పోర్టుని కొన్నిగా చేసే హబ్ వెంట ఉండాలి, అదీ ఛార్జింగ్‌ని లోపలికి పంపే రకం. టైప్-సి పోర్టులు చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి గానీ వేగాలు వేరు. ఒకటి సెకనుకి 5 గిగాబిట్లు, ఇంకొకటి 10, థండర్‌బోల్ట్ 4 అయితే 40. బయటి ఎస్ఎస్‌డీకి 10 గిగాబిట్ల పోర్టు ఉంటే హాయిగా సరిపోతుంది.

స్క్రీన్: ఇక్కడ డబ్బు మిగుల్చుకోకండి

నిల్వ తర్వాత నేను ఎక్కువ పట్టుబట్టేది స్క్రీన్ మీద. మా చెల్లెలి కొడుకు గుణుపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. పుట్టాసింగ్ వైపు సవర ఇళ్ల గోడల మీద వేసే ఇడిటాల్ బొమ్మలు తీస్తుంటాడు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో వేసిన తెల్లటి మనుషులు, ఏనుగులు, చెట్లు. అవి వాళ్లకి అలంకారం కాదు, పూజలో భాగం. ఇంటివాళ్లని అడిగి, వాళ్లు సరేనన్నాకే తీస్తాడు. ఆ గోడ ఎరుపుని మామూలు చవక స్క్రీన్ మీద చూస్తే ఇటుక పొడిలా వెలిసిపోయి కనిపిస్తుంది. అది చూసి మనం ఎరుపు పెంచుతాం. ప్రింటు వేయిస్తే గోడ నెత్తురు పూసినట్టు వస్తుంది. ఆ ఇంటివాళ్లకి ఫొటో తీసుకెళ్లి ఇచ్చేటప్పుడు గోడ వాళ్ల గోడలా ఉండాలి కదా.

స్పెసిఫికేషన్ కాగితం మీద "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే ఆ స్క్రీన్ వద్దు. అది స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత. అలాంటి స్క్రీన్, ఫొటోలకి మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండొంతులు కూడా చూపలేదు. "100 శాతం ఎస్‌ఆర్‌జీబీ" అని ఉండాలి. "72 శాతం ఎన్‌టీఎస్‌సీ" అన్నా దాదాపు అదే. రంగుల గురించి కాగితం మీద ఏమీ రాయలేదంటే తక్కువ రకం అనే అనుకోండి, మంచి ప్యానెల్ వేసిన కంపెనీ ఆ మాట దాచిపెట్టదు. ఒకే పేరుతో అమ్మే మోడల్‌లోనే రెండు మూడు రకాల ప్యానెల్‌లు వస్తాయి. అందుకే పూర్తి మోడల్ నంబరు కావాలంటున్నాను.

ప్యానెల్ ఐపీఎస్ రకమై ఉండాలి. పక్క నుంచి చూసినా, పైనుంచి చూసినా రంగు మారకూడదు. కాంతి కనీసం 300 నిట్స్ (స్క్రీన్ వెలుగుని కొలిచే లెక్క) ఉండాలి. వసారాలో, కారులో కూర్చుని చూసేవాళ్లకి 400 ఉంటే సుఖం. పైన మెరిసే గాజు ఉంటే బయట మన మొహమే కనిపిస్తుంది, మ్యాట్ మేలు. ఓలెడ్ స్క్రీన్లు చూడ్డానికి అద్భుతంగా ఉంటాయి, నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. కానీ సెట్టింగ్స్‌లో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టుకోకపోతే రంగుల్ని ఉన్నదానికంటే గాఢంగా చూపిస్తాయి. తక్కువ కాంతిలో ఆ స్క్రీన్ మిణుకుకి కొందరికి కళ్లు నొప్పెడతాయి కూడా. షాపులో కాంతి బాగా తగ్గించి పది నిమిషాలు చూసి తేల్చుకోండి.

షాపులో వాళ్లు పెట్టే మెరుపుల వీడియో చూడకండి. మీ ఫొటోలు కొన్ని పెన్‌డ్రైవ్‌లో, అవే ఫొటోల ప్రింట్లు చేతిలో పట్టుకెళ్లండి. ఒక పసుపు రంగు, ఒక పచ్చటి వరిచేను, ఒక మనిషి మొహం, ఒక పొగమంచు ఉంటే చాలు. మంగళస్నానంలో పెళ్లికూతురి ఒంటి పసుపు కంటే గట్టి పరీక్ష నాకింతవరకు కనిపించలేదు. పసుపు కాస్త ఆకుపచ్చకి తిరిగినా, నారింజకి తిరిగినా మన కళ్లు వెంటనే పట్టేస్తాయి. ప్రింటుని స్క్రీన్ పక్కన పెట్టి చూడండి. రాత్రిపూట స్క్రీన్‌ని పసుపు ఛాయకి మార్చే నైట్ లైట్ ఆపారో లేదో కూడా చూసుకోండి.

సైజు 14 అంగుళాలు, 16:10 ఆకారం అయితే ప్రయాణానికి సరైన మధ్యస్థం. 13లో పనిముట్ల పట్టీలే సగం జాగా ఆక్రమిస్తాయి. 16 అయితే సంచిలో ఇరుకు.

ర్యామ్, ప్రాసెసర్, గ్రాఫిక్స్

ర్యామ్ 16 జీబీ ఉండాలి. 8 జీబీతో లైట్‌రూమ్ (ఫొటోలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) తెరుచుకుంటుంది, నడుస్తుంది కూడా. కానీ దేవమాలి కొండ మీద తీసిన ఎనిమిది ఫ్రేముల పనోరమా కలుపుదామంటే కూర్చుని ఎదురుచూడాలి. 45 మెగాపిక్సెల్ ఫైళ్లతో, ఫొటోషాప్ లేయర్లతో పనిచేసేవాళ్లకి 32 అవసరమే. సన్నటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచలేం. అలాంటిదైతే కొన్నరోజే చాలినంత తీసుకోవాలి.

ప్రాసెసర్ గురించి పెద్దగా బెంగ వద్దు. గత నాలుగైదేళ్లలో వచ్చిన ఇంటెల్ ఐ5, రైజెన్ 5 స్థాయివి ఫొటోల పనికి సరిపోతాయి. పై స్థాయి ప్రాసెసర్‌కి పెట్టే తేడా డబ్బుతో బయటి ఎస్ఎస్‌డీ వస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు దగ్గరే కుర్రాళ్లతో నాకు వాదన. మావాడు కూడా "పెద్దమ్మా, గేమింగ్ ల్యాప్‌టాప్ కొంటే ఇంకేం చూసుకోనక్కర్లేదు కదా!" అన్నాడు. వాడి మాటలో నిజం ఉంది. లైట్‌రూమ్‌లో ఫొటో మీది గరుకు తీసేసే ఏఐ డీనాయిజ్ లాంటి పనులు గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలా త్వరగా అవుతాయి. కానీ ఆ ల్యాప్‌టాప్ రెండు కిలోల పైన ఉంటుంది, దాని ఛార్జర్ ఒక ఇటుక, బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, చాలా వాటిని మామూలు పవర్ బ్యాంకుతో నడపలేం. దూరంగా ఉన్న పక్షుల్ని తీసే 150-600 లెన్స్ ఒక్కటే సుమారు 2 కిలోలు. దానిమీద కెమెరా, ట్రైపాడ్, నీళ్లు. గుణుపురంలో బండి దిగి జీపులు మారి పల్లెకి చేరేసరికి ప్రతి పావుకిలో తెలుస్తుంది. "డీనాయిజ్ ఇంటికొచ్చాక రాత్రంతా పెట్టుకోరా, కొండ మీదికి ఎందుకు మోస్తావు?" అన్నాను. చివరికి కిలోన్నర లోపు ల్యాప్‌టాప్ తీసుకున్నాడు. ఇంట్లో వేరే కంప్యూటర్ లేక, అన్ని పనులకీ ఇదొక్కటే అయినవాళ్ల విషయం వేరు. వాళ్లు గ్రాఫిక్స్ కార్డు వైపు వెళ్లడం సబబే.

మ్యాక్‌బుక్ ఎయిర్ గురించి అడిగేవాళ్లూ ఎక్కువే. 13 అంగుళాలది కిలోంబావు లోపే ఉంటుంది, ఫ్యాన్ లేదు, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, స్క్రీన్ రంగులు నమ్మదగ్గవి. 2024 అక్టోబర్ నుంచి తక్కువ మోడల్‌కి కూడా 16 జీబీ ర్యామ్ ఇస్తున్నారు. అయితే కార్డు స్లాట్ లేదు. ర్యామ్ గానీ ఎస్ఎస్‌డీ గానీ తర్వాత పెంచుకునే వీలు లేదు. 256 జీబీతో ఉన్న మోడల్ తక్కువ ధరకి దొరికిందని తీసుకుంటే మంగళాజోడిలో రెండో రోజుకే జాగా వెతుక్కోవాలి. 512 తీసుకుని, బయటి ఎస్ఎస్‌డీని దానికి జోడీగా లెక్కలో వేసుకుంటే అది చక్కటి ప్రయాణ ల్యాప్‌టాప్.

డబ్బు తక్కువగా ఉంటే పాత బిజినెస్ ల్యాప్‌టాప్‌లు చూడండి. నేను ధైర్యంగా చెప్పేది లెనోవో థింక్‌ప్యాడ్ టీ480. ర్యామ్ స్లాట్లు రెండు, ఎస్‌డీ కార్డు స్లాట్ ఉంది, టైప్-సి ఛార్జింగ్ ఉంది. లోపల ఒక బ్యాటరీ ఉంటుంది, వెనక ఇంకొకటి ల్యాప్‌టాప్ ఆపకుండానే తీసి మార్చుకోవచ్చు. అందులో ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్లున్న వాటికి విండోస్ 11 పడుతుంది. ఇది ముఖ్యం, ఎందుకంటే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాని బలహీనత స్క్రీన్. మామూలుగా వచ్చేది రంగులు తక్కువ చూపించే రకమే. కాబట్టి దాన్ని ఫొటోలు దాచుకుని ఏరుకునే పెట్టెగా వాడండి, రంగుల పని ఇంటి మానిటర్ మీద చేసుకోండి. పాతది కొనేటప్పుడు బ్యాటరీ రిపోర్ట్ తీసి చూపించమనండి, విండోస్‌లోనే ఆ వీలుంది. డిజైన్ కెపాసిటీకి, ఇప్పుడు నిండుతున్న కెపాసిటీకి మధ్య ఎంత తేడా ఉందో అందులో తేలిపోతుంది.

కరెంటు లేని చోట

మన వైపు కొండల్లో గాలివాన వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకని టైప్-సి మీద ఛార్జ్ అయ్యే ల్యాప్‌టాపే కొనండి. గుండ్రటి పిన్ను ఛార్జర్‌తో మాత్రమే నడిచేది వద్దు. టైప్-సి అయితే ఒక 65 వాట్ల ఛార్జర్‌తో ల్యాప్‌టాప్, ఫోను, ఈమధ్య కెమెరాలైతే కెమెరా కూడా ఛార్జ్ అవుతాయి. బొలేరోలో వెళ్తుంటే సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే పీడీ (టైప్-సి మీద ల్యాప్‌టాప్‌కి సరిపడా కరెంటు పంపే పద్ధతి) ఛార్జర్ ఒకటి తీసుకోండి. మధ్యాహ్నం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లేలోపు సగం ఎక్కుతుంది.

పవర్ బ్యాంకు లెక్క ఇలా వేయాలి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు, బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత అది. మార్పిడిలో కొంత పోగా 60 చిల్లర చేతికొస్తుంది. 14 అంగుళాల ల్యాప్‌టాప్ బ్యాటరీ సాధారణంగా 50 నుంచి 70 మధ్య ఉంటుంది, అంటే ఒక్కసారి దాదాపు నిండుతుంది. కానీ 22.5 వాట్లే ఇచ్చే ఫోన్ పవర్ బ్యాంకులు ల్యాప్‌టాప్‌కి పనికిరావు. 65 వాట్ల పీడీ అని రాసి ఉండాలి. విమానం ఎక్కేవాళ్లకి ఒక మాట. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టుకోవాలి, 100 వాట్-అవర్ల వరకు విడిగా అనుమతి అక్కర్లేదు. రైల్లో రాత్రి ఛార్జ్ చేసుకుందామని లెక్క వేసుకోకండి, 11 గంటల నుంచి తెల్లవారు 5 దాకా చాలా రైళ్లలో ఆ పాయింట్లకి కరెంటు ఆపేస్తారు.

రుషికుల్యకి వెళ్లేవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ ఇసుకలో రాత్రిపూట ల్యాప్‌టాప్ తెరవొద్దు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురున్న వైపు నడుస్తాయి. సముద్రం మీది వెలుతురే వాటికి దారి. స్క్రీన్ వెలుగు కూడా వాటిని ఎదురు దిక్కుకి లాగుతుంది. పెద్ద తాబేళ్లు కూడా వెలుగుకి బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోగలవు. అక్కడికి కార్డులు ఎక్కువ పట్టుకెళ్లండి, కెమెరాలో రెండు స్లాట్లుంటే రెండింట్లోనూ ఒకే ఫొటో పడేలా పెట్టండి. కాపీ పని బసకి వచ్చాకే.

ఉప్పుగాలి తగిలిన ల్యాప్‌టాప్‌ని బసకి రాగానే ఆరిన మెత్తటి గుడ్డతో తుడవండి. ఏసీ కారులోంచి ఉక్కపోతలోకి దిగినప్పుడు వెంటనే సంచి విప్పకండి, చల్లటి లోహం మీద చెమ్మ పడుతుంది. అరగంట ఆగితే చాలు.

సాయంత్రం గంట

కార్డు ల్యాప్‌టాప్‌లోకి, అక్కణ్నించి బయటి ఎస్ఎస్‌డీలోకి. బయటి ఎస్ఎస్‌డీని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకుంటే విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. కాపీ సరిగ్గా అయిందో లేదో సరిచూసే సాఫ్ట్‌వేర్ వాడండి, టెరాకాపీలో ఆ వీలుంది. రెండు చోట్లా తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు. ల్యాప్‌టాప్ ఒక సంచిలో, ఎస్ఎస్‌డీ ఇంకో సంచిలో ఉండాలి. నేను ఎస్ఎస్‌డీని బట్టల మధ్య పెట్టుకుంటాను, నిద్రపోయేటప్పుడు అది తలగడ దగ్గరే.

ఫోల్డర్ పేరు తేదీతో మొదలుపెట్టండి, ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, ఆ తర్వాత ఊరు. వాటంతట అవే వరుసలో పడతాయి. ఊరి పేరు ఎప్పుడూ ఒకే స్పెల్లింగ్‌తో రాయండి, లేకపోతే వెతికినప్పుడు సగమే దొరుకుతాయి.

క్లౌడ్ మీద ఆధారపడకండి. అప్‌లోడ్ వేగం సెకనుకి 5 మెగాబిట్లు వచ్చిందనుకున్నా 30 జీబీ ఎక్కడానికి పదమూడు గంటల పైన పడుతుంది. కొండల్లో అదీ రాదు. ఆ రోజు ఏరిన పది పదిహేను ఫొటోలు జేపెగ్ చేసి ఎక్కిస్తే చాలు.

సాఫ్ట్‌వేర్‌కి నెలనెలా డబ్బు కట్టలేనివాళ్లకి డార్క్‌టేబుల్, డిజీక్యామ్ ఉన్నాయి, రెండూ ఉచితం. లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవాళ్లు స్మార్ట్ ప్రివ్యూలు తయారు చేసుకుంటే అసలు ఫైళ్లున్న డ్రైవ్ తగిలించకుండానే ఎడిట్ చేసుకోవచ్చు. పొడుగు వైపు 2560 పిక్సెళ్ల చిన్న ప్రతులవి. రైల్లో కూర్చుని పని చేసుకోవడానికి బాగుంటుంది.

డబ్బు కట్టే ముందు, కట్టాక

మన సరిహద్దు ఊళ్లవాళ్లం విశాఖలోనో, శ్రీకాకుళంలోనో, బరంపురంలోనో కొంటాం. పాడైతే ఎవరు చూస్తారు అన్నది అక్కడే తేల్చుకోండి. ఆన్‌సైట్ వారంటీ అంటే మనిషి ఇంటికొస్తాడని అర్థం, కానీ మీ పిన్‌కోడ్‌కి అది వర్తిస్తుందో లేదో కంపెనీకి ఫోన్ చేసి అడగండి. వర్తించకపోతే దగ్గర్లోని సర్వీస్ సెంటర్ ఎంత దూరమో లెక్క వేసుకుని అప్పుడు కంపెనీ ఎంచుకోండి. మొదట్లో కంపెనీ సంగతి చివర్న అన్నది ఇందుకే.

విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్తే చాలా ల్యాప్‌టాప్‌లు డ్రైవ్‌కి వాటంతటవే తాళం వేసేసుకుంటాయి. ఎప్పుడైనా అప్‌డేట్ తర్వాత గానీ రిపేరు తర్వాత గానీ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది ఆన్‌లైన్ ఖాతాలో ఉంటుంది, మీరేమో నెట్‌వర్క్ లేని కొండ మీద ఉంటారు. కొన్న వారంలోనే ఆ కీని కాగితం మీద రాసి, ఒకటి ఇంట్లో, ఒకటి పర్సులో పెట్టుకోండి. దొంగ చేతిలో పడ్డా ఫొటోలు తెరుచుకోవు కాబట్టి ఆ తాళం తీసేయమని మాత్రం చెప్పను. బయలుదేరే ముందు రోజు విండోస్ అప్‌డేట్లని కూడా ఆపి పెట్టండి, ఐదు వారాల వరకు ఆపే వీలుంది.

కొత్త ల్యాప్‌టాప్ ఇంటికి రాగానే ఒక సాయంత్రం కేటాయించి పూర్తి రిహార్సల్ చేయండి. ప్లగ్ తీసేసి బ్యాటరీ మీదే నిండు కార్డు కాపీ చేయండి. బయటి ఎస్ఎస్‌డీకి రెండో కాపీ తీయండి. రెండు వందల ఫొటోలు తిరగేసి ఇరవై ఏరండి, ఐదు ఎడిట్ చేయండి. ఎంతసేపు పట్టింది, బ్యాటరీ ఎంత దిగింది, అడుగు ఎంత వేడెక్కింది, ఫ్యాన్ ఎంత గోల చేసింది అన్నీ రాసుకోండి. తర్వాత అదే పవర్ బ్యాంకుతో ఛార్జ్ ఎక్కుతోందో లేదో చూడండి. ఏదైనా తేడా కనిపిస్తే వాపసు గడువులోనే చెప్పాలి కాబట్టి, బిల్లూ అట్టపెట్టే అప్పటిదాకా పారేయకండి.